లినక్స్‌లో వై-ఫై రావట్లేదా? స్క్రీన్ నల్లబడిందా? కార్డు మార్చే ముందు ఈ మూడు ప్రశ్నలు అడగండి

మొన్న ఒక ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి గిద్దలూరు నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, లినక్స్ వేశాక ల్యాప్‌టాప్ చచ్చిపోయింది. ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోతోంది" అన్నాడు. ఏడుపు ఒక్కటే తక్కువ.

వాడు బీటెక్ మూడో సంవత్సరం. ఇంటర్న్‌షిప్ కోసం ఇచ్చిన అసైన్‌మెంట్ బుధవారం సాయంత్రం లోపు పంపాలి. ల్యాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్‌ది. మిరప డబ్బులు చేతికొచ్చాక చిన్నాన్న 16 వేలు పెట్టి కొనిచ్చాడు. ఇంకోటి కొనే మాటే లేదు. అప్పటికే ఒక షాప్‌లో చూపించాడంట. "వై-ఫై కార్డు పోయింది, గ్రాఫిక్స్ మీద కూడా అనుమానమే, నాలుగు వేలు అవుతుంది, అయినా గ్యారంటీ లేదు" అన్నారంట.

నేను అప్పుడు మార్కాపురంలో ఇంటి నుంచే పని చేస్తున్నా. రెండు రాత్రులు ఫోన్‌లోనే కూర్చున్నాం. మూడో రోజుకి స్క్రీన్, గ్రాఫిక్స్, వై-ఫై అన్నీ పనిచేశాయి. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. రూపాయి ఖర్చు కాలేదు.

ఆ రెండు రాత్రుల్లో ఏం చేశామో ఈ ఆర్టికల్‌లో వరుసగా చెప్తా. వాడికి ఫోన్‌లో చెప్పినట్టే కమాండ్స్‌ని అక్షరం అక్షరం రాస్తున్నా. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

అసలు లినక్స్ ఎందుకు వేశాడు?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక లిస్ట్‌లో ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఉన్నాయి. మావాడిది ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, దానికి తోడు ఎన్విడియా జీఫోర్స్ 940ఎంఎక్స్. కోడింగ్‌కి ఈ మెషిన్ ఇంకా మూడు నాలుగేళ్లు హాయిగా వస్తుంది. కాబట్టి లినక్స్ మింట్ 22 వేయడం మంచి ఆలోచనే. వేశాక వచ్చిన సమస్యకి పేరు తెలియకపోవడమే ఇబ్బంది.

ల్యాప్‌టాప్ కంపెనీ ఏది అని నేను చెప్పట్లేదు. దాచడానికి కాదు, అది అనవసరం కాబట్టి. ఒకే మోడల్ పేరుతో వచ్చిన రెండు ల్యాప్‌టాప్‌లలో రెండు వేరు వేరు వై-ఫై చిప్‌లు ఉండొచ్చు. "ఫలానా కంపెనీ ల్యాప్‌టాప్‌లో లినక్స్ వస్తుందా?" అనే ప్రశ్నకి అందుకే సరైన జవాబు దొరకదు. అడగాల్సింది లోపల ఉన్న చిప్ ఏది అని.

పలక, చెయ్యి, బలపం

మాది పలకల ఊరు కాబట్టి పలకతోనే చెప్తా. చిప్ అనేది పలక. డ్రైవర్ అనేది రాసే చెయ్యి. ఫర్మ్‌వేర్ అనేది బలపం. పలక బాగున్నా, చెయ్యి ఉన్నా, బలపం లేకపోతే ఒక్క అక్షరం పడదు. దానికి పలక పగిలిందనుకుని కొత్తది కొంటే డబ్బులు దండగ.

ఇప్పుడు టెక్నికల్‌గా చూద్దాం. వై-ఫై, గ్రాఫిక్స్ చిప్‌ల లోపల వాటికంటూ చిన్న ప్రాసెసర్ ఉంటుంది. దాని మీద నడవాల్సిన చిన్న ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. చాలా చిప్‌లు దాన్ని తమలో దాచుకోవు. ల్యాప్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవర్ ఆ ఫైల్‌ని డిస్క్ నుంచి తీసి చిప్‌లోకి ఎక్కించాలి. విండోస్‌లో కంపెనీ ఇచ్చే సెటప్‌లో డ్రైవర్, ఫర్మ్‌వేర్ కలిసే వస్తాయి కాబట్టి మనకి తేడా తెలియదు. లినక్స్‌లో ఎక్కువ డ్రైవర్లు కర్నెల్‌లోనే ఉంటాయి, ఫర్మ్‌వేర్ ఫైల్స్ మాత్రం లినక్స్-ఫర్మ్‌వేర్ అనే వేరే ప్యాకేజీలో వస్తాయి. రెండిట్లో ఏది లేకపోయినా "కార్డు పోయింది" అనిపిస్తుంది.

కాబట్టి ఏ హార్డ్‌వేర్ పనిచేయకపోయినా ఈ మూడు ప్రశ్నలు ఇదే వరుసలో అడగాలి.

1. చిప్ కర్నెల్‌కి కనిపిస్తోందా?
2. దాన్ని ఏదైనా డ్రైవర్ పట్టుకుందా?
3. ఫర్మ్‌వేర్ లోడ్ అయిందా, లేక మధ్యలో ఎవరైనా అడ్డం పడ్డారా?

ఒకటో ప్రశ్నకి "లేదు" వస్తేనే హార్డ్‌వేర్ మీద అనుమానపడాలి. రెండు, మూడు దగ్గర ఆగితే సాఫ్ట్‌వేర్‌తోనే సరిచేసుకోవచ్చు.

మొదటి పని: స్క్రీన్ తెప్పించుకోవడం

స్క్రీన్ లేకుండా ప్రశ్నలు అడగలేం కదా. మింట్ పెన్‌డ్రైవ్‌లో కంపాటిబిలిటీ మోడ్, ఉబుంటులో సేఫ్ గ్రాఫిక్స్ అని ఒక ఆప్షన్ ఉంటుంది. మావాడు ఇన్‌స్టాల్ చేసింది దాంతోనే. ఇన్‌స్టాల్ అయ్యాక మామూలుగా బూట్ చేశాడు, నల్ల స్క్రీన్ వచ్చింది.

అలాంటప్పుడు ఇలా చేయండి. ల్యాప్‌టాప్ ఆన్ చేసి, కంపెనీ లోగో పోగానే ఎస్కేప్ కీ ఒక్కసారి నొక్కండి. పాత బయోస్ మెషిన్లలో అయితే షిఫ్ట్ పట్టుకుని ఉండండి. గ్రబ్ మెనూ వస్తుంది. మొదటి లైన్ మీద ఉండి ఇంగ్లిష్ "ఇ" అక్షరం నొక్కితే కొన్ని లైన్లు కనిపిస్తాయి. వాటిలో "లినక్స్" అనే పదంతో మొదలయ్యే లైన్ చివరికి వెళ్లి, ఒక ఖాళీ వదిలి "నోమోడ్‌సెట్" అని కొట్టండి. అక్షరాలు ఇవి: ఎన్ ఓ ఎం ఓ డి ఇ ఎస్ ఇ టి. తర్వాత ఎఫ్10 నొక్కితే బూట్ అవుతుంది.

దీని అర్థం ఏంటంటే, "గ్రాఫిక్స్ డ్రైవర్ల జోలికి పోకు, ఉన్న స్క్రీన్‌నే వాడుకో" అని కర్నెల్‌కి చెప్పడం. స్క్రీన్ వస్తుంది, కానీ రిజల్యూషన్ తక్కువగా ఉంటుంది, విండోలు నెమ్మదిగా కదులుతాయి, బ్రైట్‌నెస్ మారదు. ఎందుకంటే ఎన్విడియాతో పాటు ఇంటెల్ గ్రాఫిక్స్ కూడా ఆగిపోతుంది. చాలామంది ఇక్కడే ఆగి "లినక్స్ స్లో బాబూ" అంటారు. ఇది కట్టు కట్టడం లాంటిది, వైద్యం కాదు. ఈ పద్ధతిలో కొట్టింది ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది, అది మంచిదే. దీన్ని పర్మనెంట్ చేసుకోవద్దు.

రెండో పని: ఫోన్ నుంచి ఇంటర్నెట్

వై-ఫై సరిచేయడానికి ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే వై-ఫై కావాలి. ఈ చిక్కుముడి విప్పేది జేబులో ఉన్న ఫోన్ కేబులే. ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి, సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గర యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని వైర్డ్ నెట్‌వర్క్ లాగా చూస్తుంది. దానికి కావాల్సిన డ్రైవర్ కర్నెల్‌లోనే ఉంటుంది.

ఒక చిన్న ట్రిక్. ఇంట్లో రౌటర్ ఉంటే ఫోన్‌ని ఆ వై-ఫైకి కలిపి, తర్వాత టెథరింగ్ ఆన్ చేయండి. ఎక్కువ ఫోన్లలో అప్పుడు ఫోన్ వై-ఫైనే కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి వెళ్తుంది. రోజువారీ డేటా ప్యాక్ మిగులుతుంది. ఎన్విడియా డ్రైవర్ కొన్ని వందల ఎంబీ ఉంటుంది కాబట్టి ఇది ముఖ్యం. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్స్ కొన్ని ఉంటాయి. టెథరింగ్ ఆప్షన్ ఆన్ అవ్వకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. మావాడికి అరగంట అక్కడే పోయింది.

మూడో పని: చిప్‌ల పేర్లు చదవడం

టెర్మినల్ తెరిచి ఈ కమాండ్ కొట్టండి: ఎల్ ఎస్ పి సి ఐ, ఖాళీ, డాష్, ఎన్ ఎన్ కె. ల్యాప్‌టాప్‌లో ఉన్న చిప్‌ల లిస్ట్ వస్తుంది. అందులో "వీజీఏ" లేదా "3డీ కంట్రోలర్" అని ఉన్నవి గ్రాఫిక్స్, "నెట్‌వర్క్ కంట్రోలర్" అని ఉన్నది వై-ఫై.

ప్రతి చిప్ పేరు పక్కన స్క్వేర్ బ్రాకెట్లలో కోలన్‌తో విడదీసిన రెండు కోడ్‌లు ఉంటాయి. మొదటిది తయారీ కంపెనీది. 8086 అంటే ఇంటెల్. మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో కుస్తీ పట్టిన 8086 గుర్తుందిగా, ఆ నంబరే. 10డీఈ అంటే ఎన్విడియా, 1002 అంటే ఏఎండీ, 10ఈసీ అంటే రియల్‌టెక్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, 14సీ3 అంటే మీడియాటెక్, 168సీ అంటే క్వాల్‌కామ్ ఎథెరోస్. మార్కెటింగ్ పేర్లు మారతాయి కానీ ఈ కోడ్‌లు అబద్ధం చెప్పవు. నెట్‌లో వెతికేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ బదులు ఈ రెండు కోడ్‌లతో వెతకండి.

లిస్ట్‌లో చిప్ ఉందంటే మొదటి ప్రశ్నకి జవాబు "అవును". దాని కింద "కర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే లైన్ ఉంటే రెండో ప్రశ్నకి కూడా "అవును". ఆ లైన్ లేకపోతే డ్రైవర్ పట్టుకోలేదని అర్థం.

మూడో ప్రశ్నకి "సుడో డీమెసేజ్" కమాండ్ ఉంది: ఎస్ యు డి ఓ, ఖాళీ, డి ఎం ఇ ఎస్ జి. కర్నెల్ బూట్ నుంచి రాసుకున్న డైరీ మొత్తం వస్తుంది. అందులో "ఫర్మ్‌వేర్" అనే పదం కోసం వెతకండి. ఒక ఫైల్ పేరు, దాని పక్కన ఎర్రర్ మైనస్ 2 అని కనిపిస్తే ఆ ఫైల్ డిస్క్‌లో లేదన్నమాట. బలపం దొరకలేదు, అంతే. లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

"అడ్డం పడ్డారా" అన్నదానికి "ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్" కమాండ్: ఆర్ ఎఫ్ కె ఐ ఎల్ ఎల్, ఖాళీ, ఎల్ ఐ ఎస్ టి. సాఫ్ట్ బ్లాక్ అంటే సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్ చేసి ఉంది, సెట్టింగ్స్‌లో ఆన్ చేయొచ్చు. హార్డ్ బ్లాక్ అంటే కీబోర్డ్ మీది విమానం బటనో, పక్కన ఉన్న స్విచ్చో ఆఫ్‌లో ఉంది. డ్యూయల్ బూట్ ఉన్నవాళ్లు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి. అది ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవ్వదు, వై-ఫై చిప్‌ని సగం నిద్రలో వదిలేసే అవకాశం ఉంది.

మావాడి లిస్ట్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్, ఎన్విడియా 940ఎంఎక్స్, ఆర్‌టీఎల్ 8723బీఈ అనే వై-ఫై చిప్ మూడూ కనిపించాయి. వై-ఫై చిప్‌కి డ్రైవర్ కూడా ఉంది. "ఒరేయ్, కార్డు పోలేదురా, నిక్షేపంలా ఉంది" అని అప్పుడే చెప్పేశా.

గ్రాఫిక్స్: ఒకే ఇంట్లో ఇద్దరు వంటవాళ్లు

ఎన్విడియా ఉన్న ల్యాప్‌టాప్‌లో సాధారణంగా రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటాయి. మామూలు పనికి ప్రాసెసర్‌లో ఉన్న ఇంటెల్ లేదా ఏఎండీ, గేమ్స్‌కి, బరువు పనులకి ఎన్విడియా. బ్యాటరీ కోసం ఈ ఏర్పాటు. 2010లో ఎన్విడియా దీన్ని ఆప్టిమస్ పేరుతో తెచ్చింది. చాలా మోడళ్లలో స్క్రీన్‌కి వైర్ వెళ్లేది మొదటి చిప్ నుంచే. ఎన్విడియా గీసిన బొమ్మ కూడా దాని ద్వారానే స్క్రీన్ మీదకి రావాలి.

ఇంటెల్, ఏఎండీ చిప్‌లకి డ్రైవర్లు ఓపెన్ సోర్స్‌లో కర్నెల్‌తోనే వస్తాయి. ఏఎండీ ఇప్పుడు వాడుతున్న ఏఎండీజీపీయూ డ్రైవర్ 2015లో కర్నెల్ 4.2తో వచ్చింది. ఆ రెండే ఉన్న ల్యాప్‌టాప్ అయితే మీరు ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. ఎన్విడియాకి కర్నెల్‌లో నూవో అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉంది. కంపెనీ నుంచి సరైన సమాచారం లేకుండా ఏళ్ల తరబడి వాలంటీర్లు రాసింది అది. కొన్ని ఆప్టిమస్ ల్యాప్‌టాప్‌లలో బూట్ దగ్గరే ఇరుక్కుంటుంది. మావాడి నల్ల స్క్రీన్ అదే.

మందు ఏంటంటే ఎన్విడియా సొంత డ్రైవర్ వేయడం. మింట్‌లో డ్రైవర్ మేనేజర్, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ తెరవండి. కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఫైల్ డౌన్‌లోడ్ చేసి వేయొద్దు. తర్వాత కర్నెల్ అప్‌డేట్ వచ్చినప్పుడు అది విరిగిపోయే అవకాశం ఎక్కువ. ఇక్కడ మూడు చోట్ల జాగ్రత్త.

మొదటిది, లిస్ట్‌లో కొన్ని డ్రైవర్ల పేరు చివర "ఓపెన్" అని ఉంటుంది. ఎన్విడియా 2022 మేలో తన కర్నెల్ మాడ్యూల్స్‌ని ఓపెన్ సోర్స్ చేసింది, కానీ అవి ట్యూరింగ్ తరం నుంచే పనిచేస్తాయి. అంటే జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 సిరీస్, ఆపై వచ్చినవి. 940ఎంఎక్స్ అంతకు ముందున్న మ్యాక్స్‌వెల్ తరం. దానికి "ఓపెన్" ఎంచుకుంటే డ్రైవర్ చిప్‌ని పట్టుకోదు. కొత్త గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే "ఓపెన్" ఎంచుకోవచ్చు.

రెండోది, పాత చిప్‌లకి డ్రైవర్ నంబర్ ముఖ్యం. మ్యాక్స్‌వెల్, పాస్కల్ తరాలకి 580 సిరీసే చివరిది. కెప్లర్ తరానికి 470, ఫెర్మీకి 390 చివరివి, వాటికి ఎన్విడియా సపోర్ట్ ఆపేసింది. "రికమెండెడ్" అని పక్కన ఉన్నదాన్నే ఎంచుకోండి.

మూడోది సెక్యూర్ బూట్. మావాడు ఇక్కడే జారిపడ్డాడు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, బయట నుంచి కంపైల్ అయిన డ్రైవర్‌ని సంతకం లేకుండా కర్నెల్ లోపలికి రానివ్వదు. అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం స్క్రీన్ ఒకటి వస్తుంది. కంగారు పడొద్దు, అది విండోస్ క్రాష్ కాదు. అందులో "ఎన్‌రోల్ ఎంఓకే", తర్వాత "కంటిన్యూ", "యెస్" ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డ్ కొట్టాలి. కొన్ని సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే అది దాటిపోయి మామూలుగా బూట్ అవుతుంది. మావాడు నీళ్లు తాగడానికి లేచి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మళ్లీ పాత కథే. రెండోసారి కళ్లప్పగించి కూర్చున్నాడు, పని అయింది.

డ్రైవర్ సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవడానికి "ఎన్విడియా డాష్ ఎస్‌ఎంఐ" కమాండ్ కొట్టండి. చిప్ పేరు, మెమరీ ఉన్న పట్టిక వస్తే అయిపోయినట్టే. తర్వాత ప్రైమ్ సెట్టింగ్‌లో "ఆన్-డిమాండ్" పెట్టుకోండి. మామూలు పని ఇంటెల్ చూసుకుంటుంది, అవసరమైనప్పుడే ఎన్విడియా లేస్తుంది. ఎప్పుడూ ఎన్విడియాలోనే పెడితే బ్యాటరీ కళ్ల ముందే కరిగిపోతుంది. ఇంకో మాట, కొన్ని గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్ట్ నేరుగా ఎన్విడియాకే కలిపి ఉంటుంది. ప్రొజెక్టర్ పెడితే ఏమీ రావట్లేదంటే పోర్ట్‌ని తిట్టే ముందు డ్రైవర్ చూడండి.

సోమవారం తెల్లవారుజామున ఒంటిగంటకి స్క్రీన్ సమస్య తీరింది.

వై-ఫై: కనిపిస్తుంది కానీ పనిచేయదు

సోమవారం రాత్రి వై-ఫై పట్టుకున్నాం. విచిత్రం ఏంటంటే రౌటర్ పక్కన కూర్చుంటే నెట్ వస్తుంది, వెనక గదిలోకి వెళ్తే పోతుంది. అదే గదిలో ఫోన్‌కి ఫుల్ సిగ్నల్. షాప్‌లో రౌటర్ దూరంగా ఉంది కాబట్టి వాళ్లు కార్డు పోయిందనుకున్నారు.

8723బీఈ చిప్ ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇది తెలిసిన సమస్యే. చిప్‌కి రెండు యాంటెన్నాలకి చోటు ఉంటుంది. కొన్ని మోడళ్లలో తయారీదారు ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్క వైరే కలుపుతాడు. ఏది కలిపాడన్న సమాచారం చిప్‌లో సరిగ్గా రాసి ఉండకపోతే, డ్రైవర్ వైర్ లేని వైపు నుంచి వినడానికి ప్రయత్నిస్తుంది. చెవిటి చెవి దగ్గర ఫోన్ పెట్టుకున్నట్టు.

డ్రైవర్‌కి "రెండో వైపు విను" అని మనం చెప్పొచ్చు. ముందు డ్రైవర్‌ని దించాలి: సుడో మోడ్‌ప్రోబ్, ఖాళీ, డాష్ ఆర్, ఖాళీ, ఆర్ టి ఎల్ 8723 బి ఇ. మోడ్‌ప్రోబ్ అక్షరాలు ఇవి: ఎం ఓ డి పి ఆర్ ఓ బి ఇ. తర్వాత డాష్ ఆర్ లేకుండా అదే కమాండ్ మళ్లీ కొట్టి, చివర ఖాళీ వదిలి, ఏ ఎన్ టి అండర్‌స్కోర్ ఎస్ ఇ ఎల్ ఈక్వల్ 2 అని చేర్చాలి. సిగ్నల్ మారకపోతే 2 బదులు 1 పెట్టి చూడాలి.

మావాడికి 2తో ఒక్క క్షణంలో గీతలు నిండాయి. "అన్నా! పక్కింటి వాళ్ల వై-ఫై కూడా కనిపిస్తోంది" అని అరిచాడు.

ఇది రీస్టార్ట్ చేస్తే పోతుంది. పర్మనెంట్‌గా ఉండాలంటే ఈటీసీ ఫోల్డర్‌లో మోడ్‌ప్రోబ్ డాట్ డి అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో డాట్ సీఓఎన్ఎఫ్‌తో ముగిసే ఒక ఫైల్ చేసి, ఒకే లైన్ రాయాలి: "ఆప్షన్స్" అనే పదం, తర్వాత డ్రైవర్ పేరు, తర్వాత ఇందాకటి యాంటెన్నా సెట్టింగ్.

మీ చిప్ ఇది కాకపోతే?

ఇంటెల్ చిప్‌లు అన్నిటికంటే తేలిక. డ్రైవర్ కర్నెల్‌లో ఉంటుంది, ఫర్మ్‌వేర్ ప్యాకేజీలో ఉంటుంది. పాత కర్నెల్ మీద కొత్త చిప్ పెడితేనే సమస్య. ఉదాహరణకి ఏఎక్స్210కి కర్నెల్ 5.10 అయినా ఉండాలి.

రియల్‌టెక్‌లో కూడా కర్నెల్ నంబరే కీలకం. 8821సీఈకి 5.9, 8852బీఈకి 6.2 నుంచి డ్రైవర్ కర్నెల్‌లోనే ఉంది. పాత వీడియోలు చూసి ఎక్కడెక్కడి నుంచో డ్రైవర్ కోడ్ దించి కంపైల్ చేయకండి, ఇప్పుడు అవసరం లేదు. మీడియాటెక్ 7921కి 5.12 నుంచి ఉంది. మీ కర్నెల్ నంబర్ తెలుసుకోవడానికి: యు ఎన్ ఏ ఎం ఇ, ఖాళీ, డాష్ ఆర్. మింట్ 22 కర్నెల్ 6.8తో వచ్చింది కాబట్టి పైవన్నీ అందులో ఉన్నాయి.

బ్రాడ్‌కామ్‌ది వేరే కథ. 2010 సెప్టెంబర్‌లో ఆ కంపెనీ కొన్ని చిప్‌లకి ఓపెన్ సోర్స్ డ్రైవర్ విడుదల చేసింది. కానీ పదేళ్ల క్రితం చవక ల్యాప్‌టాప్‌లలో బాగా వచ్చిన 43142 లాంటివి అందులో లేవు. వాటికి కంపెనీ సొంత డ్రైవర్ కావాలి. డ్రైవర్ మేనేజర్‌లో కనిపిస్తుంది, టెథరింగ్ పెట్టుకుని వేసేయండి. సెక్యూర్ బూట్ నీలం స్క్రీన్ ఇక్కడ కూడా వస్తుంది.

ఏదీ కుదరకపోతే, చాలా ల్యాప్‌టాప్‌లలో వై-ఫై కార్డు విడిగా ఊడొచ్చేదే, మార్చుకోవచ్చు. కొనేముందు రెండు విషయాలు చూడండి. ఏఎక్స్201 లాంటి కొన్ని ఇంటెల్ కార్డులు తగిన ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మెషిన్లలోనే పనిచేస్తాయి. అలాగే కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయోస్ తన లిస్ట్‌లో లేని కార్డుని ఒప్పుకోదు.

ఈ తలనొప్పి ఎందుకు వచ్చింది?

లినక్స్ చేతకానిదని కాదు. చిప్ ఎలా పనిచేస్తుందో కంపెనీ చెప్పకపోతే డ్రైవర్ రాయడం కళ్లకు గంతలు కట్టుకుని పొలం దున్నినట్టే. 2012 జూన్‌లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో లైనస్ టోర్వాల్డ్స్ ఈ కోపంతోనే కెమెరా ముందు ఎన్విడియాకి మధ్యవేలు చూపించాడు. పదేళ్లకి అదే కంపెనీ మాడ్యూల్స్‌ని ఓపెన్ చేసింది. ఫర్మ్‌వేర్ విషయంలో డెబియన్ వాళ్లు ఏళ్ల తరబడి లైసెన్స్ కారణంగా ఆ ఫైల్స్‌ని ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. 2022లో ఓటింగ్ పెట్టుకుని మనసు మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ లోపలే ఉంటోంది. అంటే అయిదేళ్ల క్రితం మీ సీనియర్ పడ్డ కష్టం మీరు పడాల్సిన పనిలేదు. ఆయన రాసిచ్చిన పాత స్టెప్స్ కూడా గుడ్డిగా ఫాలో అవ్వాల్సిన పనిలేదు.

పనిచేశాక పాడుచేసుకోకుండా

మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనే టూల్ ఉంది. అన్నీ సరిగ్గా ఉన్న రోజే ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి. కర్నెల్ అప్‌డేట్ తర్వాత ఏదైనా విరిగితే గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాత కర్నెల్‌తో బూట్ అవ్వొచ్చు. పరీక్షకి, సబ్మిషన్‌కి ముందురోజు అప్‌డేట్ పెట్టకండి.

ఇంకో హెచ్చరిక. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లాంటి పరీక్షల సాఫ్ట్‌వేర్ లినక్స్‌కి రాదు. మీ కాలేజీ అలాంటిది వాడుతుంటే విండోస్ తీసేయకుండా డ్యూయల్ బూట్ పెట్టుకోండి.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకి

ఒంగోలు వెళ్లినా, మార్కాపురంలోనే చూసినా, షాప్‌కి వెళ్లేటప్పుడు మింట్ వేసిన పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకెళ్లండి. ఇన్‌స్టాల్ చేయకుండానే దాని నుంచి బూట్ చేయొచ్చు. పది నిమిషాల్లో ఇవి చూసేయండి: పైన చెప్పిన లిస్ట్ కమాండ్‌లో చిప్‌లు, ఫోన్ హాట్‌స్పాట్‌కి పది అడుగుల దూరంలో వై-ఫై, బ్రైట్‌నెస్ కీలు, సౌండ్, కెమెరా, మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తుందా లేదా. వద్దన్న షాప్‌లో కొనకపోవడమే మంచిది.

మావాడు మంగళవారం రాత్రంతా కూర్చుని కోడ్ పూర్తి చేశాడు. బుధవారం మధ్యాహ్నం వెనక గదిలోంచే, టెథరింగ్ లేకుండా, అసైన్‌మెంట్ పంపాడు. ఆ సాయంత్రం చిన్నాన్న ఫోన్ చేసి "ఎంత ఖర్చయింది రా, పంపిస్తా" అన్నాడు. ఏమీ కాలేదంటే ఆయన నమ్మలేదు.